ఇరవై ఆరు పలక ముక్కలు

ఆ రోజుల్లో యాంటీబాడీ అనే మాట బైపీసీ పిల్లల నోట్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. కరోనా ఇంకా రాలేదు మరి. ఇప్పుడైతే మాకు పాలు పోసే ఆమె కూడా "నాకు యాంటీబాడీలు దండిగా ఉన్నాయంటమ్మా" అంటూ క్యాను దించుతుంది. అప్పట్లో ఆ మాట తెలిసిన పిల్లలకైనా దాని సంగతి తెలుసని చెప్పలేం, బట్టీ పట్టేవాళ్ళు, పరీక్షలో దించేవాళ్ళు, ఇంటికి పోయేవాళ్ళు. అట్లాంటి కాలంలో, జన్మలో ఒక్కపూట మాత్రమే బడిలో కూర్చున్న నేను, మార్కాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో, హాలు నిండా కూర్చున్న తల్లిదండ్రుల ముందు, ఆ యాంటీబాడీలు అన్ని రకాలుగా ఎట్ల పుడతాయో చెప్పబోయి చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వస్తుంది. దేవుడు నాకు చాలా మేళ్ళు చేసినాడు. కొన్నింటిని చేసిన రోజే గుర్తుపట్టినాను. ఇది మాత్రం గుర్తుపట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఒక్కపూట బడేంటని అడుగుతారు. నాకు సుద్దముక్క పొడి పడదు. పలకలకు పేరు మోసిన ఊరికి ఆటో దూరంలో పుట్టి, పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే మనిషికి కూతురినై, సుద్దపొడి పడకపోవడం ఏమిటో ఆ పైవాడికే తెలియాలి. ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన రోజు టీచరమ్మ బోర్డు తుడిచింది, నాకు ఆయాసం ఎత్తుకుంది, మధ్యాహ్నానికల్లా ఎవరో సైకిలు మీద ఇంటికి దిగబెట్టిపోయినారు. గిద్దలూరులో డాక్టరు చూసి నాయనతో, "ప్రతి మనిషి ఒంట్లో ఒక కాపలా సైన్యం ఉంటుందయ్యా. మీ పాప సైన్యానికి కొంచెం తొందర ఎక్కువ. సుద్దపొడిని చూసి దొంగ వచ్చినాడనుకుంటోంది" అన్నాడట. నాయన ఇంటికొచ్చి అమ్మతో, "పిల్లకు జబ్బేం లేదు, సైన్యం ఎక్కువైందంట" అని చాలా గర్వంగా చెప్పినాడు. అప్పటినుంచి నా బడి మా వరండాలోనే. అక్షరాలు అమ్మ, లెక్కలు నాయన, మిగిలినవన్నీ పాత పుస్తకాలు. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ అన్నీ ఇంట్లో చదివి పరీక్షలు మాత్రం బయట రాసినదాన్ని.

ఆ వరండా బడిలో నేను నేర్చుకోలేకపోయింది ఒక్కటే, పదిమంది ముందు నోరు తెరవడం. మా సంఘంలో వారానికొకసారి ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. పిల్లలతో సహా అందరూ వరసగా పైకి ప్రార్థన చెయ్యాలి. నా వంతు వచ్చేసరికి నా నాలుక అంగిటికి అంటుకుపోయేది. నాయన చూసినాడు చూసినాడు, ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి పగిలిపోయిన పలక ముక్కలు సంచిలో తెచ్చినాడు. శుభ్రంగా కడిగి (పొడి ఉంటే మళ్ళీ సైన్యం లేస్తుందని), వాటి మీద మేకుతో అక్షరాలు గీకి, మూడు పాలపొడి డబ్బాల్లో వేసినాడు. మొదటి డబ్బాలో దేవుణ్ణి పిలిచే మాటలు: "దయగల తండ్రీ", "ఆకాశమందున్న మా తండ్రీ", ఇట్ల పన్నెండు. రెండో డబ్బాలో సంగతులు: "మా గొర్రెలకు గాలికుంటు రాకుండా", "కొత్తగా వేసిన బోరులో నీళ్ళు పడేటట్లు", ఇట్ల తొమ్మిది. మూడో దాంట్లో ముగింపులు అయిదు. "డబ్బాకొక ముక్క తియ్యి పాపా, వరసగా పెట్టు, చదువు. ప్రార్థన అయిపోయె" అన్నాడు. లెక్క నేర్పే మనిషి కదా, పనిలో పనిగా అదీ వేయించినాడు. పన్నెండును తొమ్మిదితో, దాన్ని అయిదుతో హెచ్చవేస్తే అయిదు వందల నలభై. ఉన్నవి ఇరవై ఆరు ముక్కలు, వచ్చేవి అయిదు వందల నలభై ప్రార్థనలు. అది కాక నాయన తన ప్రార్థనలో ముక్కకూ ముక్కకూ మధ్య అతుకులు వేసేవాడు. "అవును తండ్రీ", "నిశ్చయముగా", "నీకు తెలియనిది కాదు ప్రభువా"... ఏ అతుకు ఎక్కడ పడుతుందో ఆయనకే తెలియదు. కాబట్టి మా నాయన చేసిన ప్రార్థన మళ్ళీ చేసిందని నేనెరగను.

కానీ మా సంఘంలో మిగిలిన పెద్దలు అట్ల కాదు. ఒక్కొక్కరికి జన్మకొకటే ప్రార్థన. చిన్నప్పుడెప్పుడో ఒక పిలుపు, ఒక సంగతి, ఒక ముగింపు కుదుర్చుకున్నారు, అంతే, పెళ్ళి అయినా, చావైనా, కొత్త ఆటో కొన్నా అదే. మేకల పెద్దయ్య అని ఒకాయన ఉండేవాడు, పసిపిల్లకు పేరు పెట్టే కూడికలో కూడా పశువుల కాళ్ళ గురించే ప్రార్థన చేసేవాడు. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఒక ఏడు నిజంగానే గాలికుంటు వచ్చి మందలకు మందలు కుంటుతుంటే, అప్పుడు చూడాలి ఆయన వైభవం! పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం ఇంకొక ఇల్లు. చెప్పగా చెప్పగా ప్రార్థన కూడా పదునెక్కింది. మొదట "పశువుల కాళ్ళు" అన్న మనిషి పదో ఇంటికి వచ్చేసరికి డెక్కలు, నాలుక, పొదుగు అంటూ ఏ భాగాన్నీ వదలకుండా పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేవాడు.

ఇక మా మేనత్త, నాయనకు అక్క. ఆమెదీ ఒకటే ప్రార్థన. అందరి మేలూ అడిగి, చివర్లో గొంతు పెంచి, "ఈ బడి లేని బిడ్డకు దారి చూపు తండ్రీ" అనేది. ఆ బడి లేని బిడ్డను నేనే. కళ్ళు మూసుకున్న ముప్పై మందీ మనసులో నా వైపు తిరిగేవాళ్ళు. బయట ఎవరన్నా అంటే తిరిగి అనొచ్చు. ప్రార్థనలో అంటే ఏమంటాం? "ఆమెన్" అనాలి. ఆరేళ్ళ వయసు నుంచి నన్ను దెప్పినదానికి నేనే ఆమెన్ చెప్పుకుంటూ వచ్చినాను. ఒకసారి నాయన ఉండబట్టలేక, "అక్కా, ఆ మాట తీసేయరాదా" అంటే, "నీ బిడ్డ కోసం నేను దేవుణ్ణి అడిగితే నీకు నొప్పేందిరా?" అన్నది.

డిగ్రీ చేతికి వచ్చినాక మార్కాపురంలో ఆ కాలేజీలో పని దొరికింది. దాని కరస్పాండెంటును పిల్లలు ఫ్లెక్సీ సారు అనేవాళ్ళు (నేను పెట్టిన పేరు కాదు, దేవుని సాక్షిగా). బస్టాండులో, మార్కెట్లో, ఆటోల వెనక, ఎక్కడ చూసినా ఆయన ముఖమే, చుట్టూ ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు. అందులో ఒక అమ్మాయి ఫోటో ఇంకా రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద కూడా నవ్వుతుండేది. పాపం, ఏ కాలేజీలో చదివిందో ఆ అమ్మాయికైనా గుర్తుందో లేదో. నన్ను తీసుకుంది పాఠం చెప్పడానికి కాదు, స్టడీ అవర్లో పిల్లలు మాట్లాడకుండా చూడటానికి. నోరు పెగలని మనిషిని నోళ్ళు మూయించే పనికి పెట్టినారన్నమాట. నాకు అదే వరం. ఎందుకంటే ఆ కాలేజీలో సుద్దముక్కలు లేవు, తెల్ల బోర్డులు, మార్కర్ పెన్నులు. నా ఊపిరి నిలిచే తరగతి గది లోకంలో ఒకటి ఉందని తెలిసిన రోజు ఇంటికొచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చినాను.

సంవత్సరం మధ్యలో జువాలజీ సారును పక్క కాలేజీవాళ్ళు ఎత్తుకుపోయినారు. ఫ్లెక్సీ సారు నన్ను పిలిచి, "మేడమ్, ఇమ్యూనిటీ చాప్టరు మిగిలిపోయింది. మీరు మెటీరియల్ చదవండి, పిల్లలు అంటారు. అంతే" అన్నాడు. తర్వాత వేలు గుమ్మం వైపు చూపించి, "వచ్చే నెల పేరెంట్స్ మీటింగులో డెమో క్లాసు పెడుతున్నాం. అది బాగా జరిగిందంటే మీ పేరు ఎక్కిస్తా" అన్నాడు. గుమ్మం పక్కన స్టాఫ్ బోర్డు ఉంది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో లెక్చరర్ల పేర్లు, చదువులు. జువాలజీ దగ్గర పాత సారు పేరు చెరిపేసి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ జానెడు కంటే ఉండదు. కానీ అందులో నా పేరు పడితే మేనత్త ప్రార్థనలో ఒక మాట రాలిపోతుంది. నాకు కావలసింది అంతే. బడి బోర్డు మీదే పేరున్న మనిషిని "బడి లేని బిడ్డ" అని ఎట్ల అంటుంది?

మెటీరియల్‌లో ఆ సంగతి ఒకటే వాక్యం: "జన్యు ఖండముల పునస్సంయోగము వలన ప్రతిరక్షకములలో వైవిధ్యము ఏర్పడును." నేను చదివినాను, పిల్లలు గుడి గంట కొట్టినట్లు అన్నారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి అనలేదు. హనుమంతునిపాడు వైపు నుంచి వచ్చిన గొర్రెలవాళ్ళ పిల్ల. తరగతికి ఒక ప్రశ్న వేసి వెళ్ళేది, అందుకని లెక్చరర్లంతా సందేహాలమ్మ అని పేరు పెట్టి, ఆమె చెయ్యెత్తితే కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు.

"మేడమ్, మనిషికి జీన్లు ఇరవై వేల చిల్లర అన్నారు కదా?"

"అవును."

"యాంటీబాడీలు కోట్ల రకాలని ఇక్కడుంది. ఒక్కో దానికి ఒక్కో జీను కావాలంటే ఎట్ల సరిపోతాయి? రేపు ఏ జబ్బు వస్తుందో ఒంటికి ముందే తెలియదు కదా, దానికి ముందే ఎట్ల తయారుగా ఉంటది?"

నాకు తెలియదు. కిటికీలోంచి చూసినాను. బయట ఒక ఫ్లెక్సీ కనిపించింది. అందులో ఉన్న సారు నవ్వుతున్నాడు గానీ జవాబు చెప్పలేదు. "రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ పిల్ల "మీరూనా మేడమ్" అన్నట్లు చూసి కూర్చుంది.

ఆ వారం కూడిక మా ఇంట్లోనే. దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి తల వాచిపోయి కూర్చున్నాను. మనిషి జీన్లలో యాంటీబాడీకి సంబంధించిన ముక్కలు మూడు గుంపులుగా ఉంటాయంట: వి అనేవి నలభై దాకా, డి అనేవి ఇరవై పైచిలుకు, జె అనేవి ఆరు. ఒక్కొక్క కణం పుట్టేటప్పుడు గుంపుకొక ముక్క ఏరుకుని, మధ్యలోవి కత్తిరించి పారేసి, అతుక్కుంటుందంట. అక్కడిదాకా అర్థమై, ఎందుకో ఎక్కడో చూసినట్లుందే అనుకుంటున్నాను. నాయన ప్రార్థన మొదలుపెట్టినాడు. "ఆకాశమందున్న మా తండ్రీ... అవును తండ్రీ... కొత్తగా వేసిన బోరులో... నీకు తెలియనిది కాదు ప్రభువా..." నేను కళ్ళు తెరిచేసినాను. మూడు డబ్బాలు! ఇరవై ఆరు ముక్కలు! అతుకుల దగ్గర పడే అక్షరాలు కూడా పుస్తకంలో ఉన్నాయి, ఏవి పడతాయో ఎవరికీ తెలియదని. ఒక్కో కణానిది జన్మకొకటే యాంటీబాడీ, మా పెద్దల ప్రార్థనల మాదిరి. రోగం వచ్చినప్పుడు దానికి సరిపోయే కణం ఒక్కటి వెయ్యిగా పెరిగి ఇల్లిల్లూ తిరుగుతుంది, తిరిగేకొద్దీ పదునెక్కుతుంది, మేకల పెద్దయ్య మాదిరి! ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు నాలుక అంగిటికి అంటుకోలేదు. "స్తోత్రం తండ్రీ, అర్థమైంది" అన్నాను. అందరూ నేను మారుమనస్సు పొందినానని సంతోషించినారు.

మరునాడు డబ్బాలు సంచిలో వేసుకుపోయి, మేకల పెద్దయ్యతో సహా పాఠం చెప్పినాను. పిల్లలు నవ్వినారు, ముక్కలు తీసినారు, హెచ్చవేసినారు. సందేహాలమ్మ లేచి, "అయితే మేడమ్, రోగం చూసి యాంటీబాడీ తయారు కాదు. ముందే కోట్ల రకాలు చేసిపెట్టుకుంటే, సరిపోయేది దొరుకుతుందన్నమాట" అన్నది. నేను జీవితంలో ఎంతో మంది నోట ఎన్నో పొగడ్తలు విన్నాను (నిజానికి ఎక్కువేం వినలేదు), ఈ "అన్నమాట" కంటే తీయనిది వినలేదు.

ఈ సంగతి ఫ్లెక్సీ సారుకు చేరింది. డెమోకు ఇదే చెప్పమన్నాడు. "కానీ ప్రార్థనలు వద్దు మేడమ్. రకరకాల తల్లిదండ్రులు వస్తారు. ఊరి మాటలు రాయించండి. ఆఁ, నా పేరు ఒక ముక్క మీద ఉండనీండి. మన ర్యాంకులు ఒక ముక్క మీద. సీట్ల సంగతి కూడా. పాఠానికి పాఠం, ప్రచారానికి ప్రచారం." మేకుతో గీకినవి చెరగవు కాబట్టి ముక్కల వెనక వైపు పిల్లలతో తెల్ల రంగుతో రాయించినాను (బలపమైతే పొడి రాలుతుంది). మొదటి డబ్బాలో ఎవరు లేదా ఏది, రెండో డబ్బాలో ఎప్పుడు లేదా ఎక్కడ, మూడోదాంట్లో ఏమవుతుంది. ఇరవై ఆరు ముక్కలనూ ఒక్కొక్కటే వెలుతురులో పట్టుకుని చూసినాను. ఇంట్లో ప్రార్థన ముక్కలను నాయన అట్లనే చూసేవాడు, తప్పు మాట ఒకటీ ఉండకూడదని. "మా పక్కింటి మజ్జిగ" ముక్కను "నీళ్ళే ఎక్కువ" ముక్క కోసం రాసినారు. "దగ్గరికి పోయి చూస్తే" అన్నది కొండ గురించి. "కాలు పెట్టే సందుండదు" కురిచేడు రైలు గురించి. "అరుపులే అరుపులు" మా తాత గొర్రెల గురించి. సారు స్వయంగా చెప్పి రాయించిన వాక్యం "మన కాలేజీలో సీటు, అడ్మిషన్లు అయిపోయినాక, దొరకడం కష్టం." అన్నీ మంచి ముక్కలే. ఒక్కదాంట్లోనూ దోషం లేదు. తృప్తిగా మూతలు పెట్టినాను.

ముక్కలు చూసినాను గానీ కలయికలు చూడలేదని చదివేవాళ్ళకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అయిదు వందల నలభై ఎవరు చూస్తారు? అయినా నేను చెప్పబోయే పాఠమే అది కదా! పిల్లలకు చెప్పినాను, నేను మాత్రం వినలేదు.

డెమో రోజు హాలు నిండింది. ముందు వరసలో ఫ్లెక్సీ సారు, మెడలో శాలువా. మూడో వరసలో నాయన, ఇస్త్రీ చొక్కా, పక్కన మేనత్త. నాయనే పట్టుబట్టి తీసుకొచ్చినాడు, "నా బిడ్డ పాఠం నువ్వు వినాల్సిందే అక్కా" అని. డబ్బాల మీద వి, డి, జె అని కాగితాలు అంటించినాను. ముగ్గురు పిల్లలు డబ్బాకొకరు నిలబడినారు, వి దగ్గర సందేహాలమ్మ. చదివిన ముక్కను మళ్ళీ డబ్బాలోనే వేసి కలపమన్నాను. మూడు డబ్బాలూ ఊపి పాఠం ఎత్తుకున్నాను. మొదటి వాక్యం వచ్చింది: "మా తాత గొర్రెలు, ఎండలు ముదిరినాక, కాలు పెట్టే సందుండదు." అందరూ నవ్వినారు. రెండోది: "కురిచేడు రైలు, దగ్గరికి పోయి చూస్తే, అరుపులే అరుపులు." ఇంకా నవ్వినారు. వెనక నుంచి ఒక పెద్దాయన, "నిజమేనమ్మా, ఇంకొకటి తీయించు!" అని కేక వేసినాడు. సారు కూడా శాలువా సర్దుకుని చెయ్యి ఊపినాడు, కానియ్యండని.

సందేహాలమ్మ ముక్క తీసి గట్టిగా చదివింది. "మన కరస్పాండెంట్ సారు."

సారు లేచి నమస్కారం పెట్టినాడు.

రెండో పిల్ల చదివింది. "అడ్మిషన్లు అయిపోయినాక."

మూడో పిల్ల అమాయకంగా, "దొరకడం కష్టం."

వెనక మూల నుంచి ఎవరో ఆడమనిషి, "అబ్బ, సత్తెం పలికింది పలక!" అన్నది. అంతే, హాలు పేలిపోయింది. సారు ఇంకా నమస్కారంలోనే ఉన్నాడు. చేతులు దించాలో వద్దో తెలియలేదు పాపం. దీన్ని కప్పిపెట్టాలని నేను తొందరపడి, "ఇంకొకటి, ఇంకొకటి తియ్యండమ్మా" అన్నాను. (డాక్టరు ఎప్పుడో చెప్పినాడు, నా సైన్యానికి తొందర ఎక్కువని.) తీసినారు.

"మన కాలేజీ ర్యాంకులు."

"దగ్గరికి పోయి చూస్తే."

"నీళ్ళే ఎక్కువ."

ఈసారి నవ్వు కాదు, చప్పట్లు. కన్నీళ్ళు తుడుచుకుంటున్న తండ్రులను చూసినాను. నేను డబ్బాల మధ్య నిలబడి, ఏదో ఒకటి అనాలి కాబట్టి, పాఠంలో తర్వాతి సంగతి పట్టుకున్నాను. "చూసినారా! ముక్కలు ఏవీ చెడ్డవి కావు. కానీ గుడ్డిగా కలిపినప్పుడు, సొంత ఒంటి మీదికే తిరగబడేవి కొన్ని తయారవుతాయి. అది ఒంటికీ తెలుసు. అందుకే కొత్త కణాన్ని ఎముకల మూలుగలోనే పరీక్ష చేస్తుంది. మనవాళ్ళ మీదికే పోయేదైతే బయటికి రానివ్వదు." సారు తల ఊపినాడు. ఆ హాలులో ఉన్న అంతమందిలో నా పాఠాన్ని వెంటనే ఆచరణలో పెట్టింది ఆయన ఒక్కడే.

మీటింగు అయినాక తన గదిలోకి పిలిచినాడు. కోపంగా లేడు, అది ఇంకా కష్టం. "ఏంది మేడమ్ ఇది. మీరు బాగానే చెప్పినారు. బాగా చెప్పడంతోనే వచ్చింది ఇబ్బంది. మెటీరియల్ చదివి ఉంటే ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. రేపటినుంచి రావద్దు లెండి." నేను, "సార్, అట్లాంటి కణాన్ని ఒళ్ళు వెంటనే తీసెయ్యదు. ఇంకో ముక్క మార్చుకుని చూడమని ఒక అవకాశం ఇస్తుంది. పుస్తకంలో ఉంది" అన్నాను. "మన సిలబస్‌లో లేదు మేడమ్" అన్నాడు. నీలం బోర్డు మీద ఖాళీ అట్లనే ఉంది. ఆ గుమ్మం దాటినాక మళ్ళీ దాని వైపు చూడలేదు.

హాలులోకి పోయి ముక్కలు ఏరుకున్నాను. మొదట నా కొంప ముంచిన ఆ మూడు ముక్కలనూ, దేవుడు ఏదన్నా ఓదార్పు మాట దాచి ఉంచినాడేమోనని వెనక్కి తిప్పి చూసినాను. నాయన మేకు అక్షరాల్లో, "దయగల తండ్రీ, మా గొర్రెలకు గాలికుంటు రాకుండా, నూతన దంపతులను దీవించుము" అని ఉంది.

ఆటోలో డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఊరిదాకా ఏడ్చినాను. మేనత్త నా వైపు తిరిగి, "ఏడవబాకే పాపా. నాకు అక్షరం ముక్క రాదు, నాకే అర్థమైంది నువ్వు చెప్పింది. మా ప్రార్థనల మాదిరే కదా, ముక్కలు కలిపేది?" అన్నది. ఆమెకు ఎవరు చెప్పినారో తెలియదు. నేనైతే ఆమె ముందు ఆ పోలిక తేలేదు. ఏడుపు ఆపి ఆమె వైపు చూసినాను. "అయినా ఆ సారును అట్ల అనకుండా ఉండాల్సింది" అని కూడా అన్నది. మేనత్త మేనత్తే.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. సందేహాలమ్మ, వాళ్ళమ్మ. గొర్రెలు కాసే మనిషి, చేతిలో కర్ర కూడా ఉంది. నమస్కారం పెట్టకుండానే, "టీచరమ్మా, మా పిల్ల చిన్నప్పటినుంచి అడుగుతానే ఉంది. జవాబు చెప్పింది నువ్వే. ఆడ చెప్పకపోతే మాయె, ఈడ చెప్పు" అన్నది. నాకు బడి లేదమ్మా అన్నాను. ఆమె మా వరండా వైపు కర్ర చూపించి, "ఇదేంది మరి?" అన్నది. నేను పెరిగింది అక్కడే. అది బడి అని నాకు ఎవరూ చెప్పలేదు.

పుస్తకంలో ఉన్న అవకాశం నాకట్ల వచ్చింది, సిలబస్‌లో లేకపోయినా. ఆ ఏడు ఒకరు, మరుసటేడు నలుగురు, తర్వాత లెక్క తప్పింది. సందేహాలమ్మ ఇప్పుడు నర్సు. కరోనా టీకా నాకు వేసింది తనే. సూది తీస్తూ, "మేడమ్, ఇప్పుడు మీ ఒంట్లో సరిపోయే మేకల పెద్దయ్య కోసం వెతుకుతుంటారు" అన్నది. నా వెనక వరసలో ఉన్నాయన భయపడి, ఏ పెద్దయ్య అని అడిగినాడు.

పోయిన నెల కూడిక మళ్ళీ మా ఇంట్లో. వరండా నిండా చదువుకునే పిల్లలు, వాళ్ళ మధ్యలో పెద్దలు. మేనత్తకు చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. అందరి మేలూ వరసగా అడిగింది. చివరిమాట దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా నేను ఆమెన్‌కు సిద్ధమైనాను. "ఈ బడి లేని బిడ్డకు..." అని ఆగింది. నలభై ఏళ్ళుగా ఆమె అక్కడ ఆగలేదు. పిల్లల్లో ఎవరో దగ్గినారు. "...దారి చూపినందుకు నీకు స్తోత్రం తండ్రీ" అన్నది.

ఒక కన్ను తెరిచినాను. ఎదురుగా నాయన కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని, ఎవరి ప్రార్థనో మరిచిపోయి, "అవును తండ్రీ, నిశ్చయముగా" అని మధ్యలో అతుకు వేసినాడు. నేను ఆమెన్ అన్నాను. నా ఆమెన్ అందరికంటే కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా వచ్చిందని పిల్లలు తర్వాత నవ్వినారు. నవ్వనీ. ఆ ఆటోలో డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిన పిల్ల ఎదురైతే ఏం చెప్పాలా అని అప్పుడప్పుడు అనుకుంటాను. ఏమీ చెప్పను. పక్కన కూర్చుని, మూతలు సరిగ్గా బిగించుకొమ్మంటాను, ఆ ముక్కలతో దానికి ఇంకా చాలా పని ఉంది.